శుక్రవారం పోకర్, నా ఎక్సెల్ షీటు, మా తమ్ముడి ప్రశ్న

మా పిన్ని కొడుకు ఒకడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పోయినేడాది సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తణుకులో డాబా మీద కూర్చుని ఉన్నాం, కింద అమ్మావాళ్లు అరిసెలు వండుతున్నారు, వీడు ఉన్నట్టుండి అడిగాడు. “అన్నయ్యా, నువ్వు ఆడితే హాబీ, నేను ఆడితే వ్యసనం. అంతేనా?”

అప్పటికే వాడి సంగతి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఫోన్లో పోకర్ ఆడి రెండేళ్లలో ఆరు లక్షల పైచిలుకు పోగొట్టుకున్నాడు, అందులో సగం పర్సనల్ లోను. ఏ యాప్ అన్నది ఇప్పుడెందుకులెండి. నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో శుక్రవారాలు పోకర్ ఆడతానన్న సంగతీ అందరికీ తెలుసు, ఆ ఫొటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టుకున్నది నేనే కాబట్టి. వాడికేం చెప్పాలో తోచక “నీది వేరు, నాది వేరురా” అని దాటేశాను. ఎలా వేరు అంటే ఆ పూట నా దగ్గర సమాధానం లేదు. ఏడాది తర్వాత ఇప్పుడు కొంచెం ఉంది.

ముందు మా ఆట సంగతి చెప్తాను. ఎనిమిది మందిమి, ఒక్క తమిళాయన తప్ప అందరం తెలుగువాళ్లమే, ఆయనకు కూడా ఈమధ్య తిట్లు తెలుగులోనే వస్తున్నాయి. టెక్సాస్ ఇళ్లకు బేస్‌మెంట్లు ఉండవు కాబట్టి మేడ మీద గేమ్ రూములో పిల్లల లెగోలు ఓ మూలకు తోసేసి మడత టేబుల్ వేసుకుంటాం. నెలకు రెండు శుక్రవారాలు, రాత్రి ఎనిమిదికి మొదలుపెడితే ఒంటిగంట దాకా. బై-ఇన్, అంటే ఆటకి కూర్చోవడానికి పెట్టే డబ్బు, 20 డాలర్లు. ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేల్ని బ్లైండ్స్ అంటారు, మావి పావలా, అర్ధ రూపాయి అంటాం, అంటే 25 సెంట్లు, 50 సెంట్లు. ఆడేది హోల్డెమ్. తెలియనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, మనిషికి రెండేసి ముక్కలు పంచుతారు, నేల మీద అందరికీ కలిపి ఐదు తెరుస్తారు, ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకోటి. తెరిచినప్పుడల్లా పందెం కాయచ్చు, లేదా ముక్కలు పారేసి ఊరుకోవచ్చు. ఈ ఆట పుట్టింది కూడా మా టెక్సాస్‌లోనే, కార్పస్ క్రిస్టీ పక్కన రాబ్స్‌టౌన్‌లో అని 2007లో ఇక్కడి శాసనసభ తీర్మానం చేసి మరీ చెప్పుకుంది.

మా టేబుల్ మీద చిప్స్, కాల్, రైజ్ అన్నీ ఇంగ్లీషే గానీ ముక్కల పేర్లు మాత్రం మారలేదు. ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను. “ఇస్పేటు ఆసు” అన్నప్పుడు వచ్చే ఠీవి “ఏస్ ఆఫ్ స్పేడ్స్” అంటే రాదు, మీరే ఓసారి అని చూడండి.

ఇంకో సంగతి. ఇక్కడి చట్టం నాకు అర్థమైనంతలో, సొంత ఇంట్లో ఆడుకుంటూ, ఆటలో గెలిచింది తప్ప ఎవరికీ వేరే లాభం రాకపోతే ఇబ్బంది లేదు. అందుకని ఇంటివాళ్లు పాట్‌లోంచి, అంటే మధ్యలో పోగైన పందెం డబ్బులోంచి, పైసా తీయరు. బిర్యానీ డబ్బులు విడిగా, ఆట మొదలవకముందే వేసుకుంటాం. ఈ బిర్యానీ లెక్కమీద జరిగినన్ని గొడవలు పోకర్ మీద జరగలేదు.

రమ్మీ మీద పెరిగిన మనలాంటివాళ్లకి పోకర్ మొదట్లో వింతగా ఉంటుంది. పదమూడు ముక్కలాటలో మన చూపంతా మన చేతిమీదే. సీక్వెన్స్ పడిందా, జోకర్ ఉందా, లేదా, లేకపోతే డ్రాప్ కొట్టి ఇరవై కౌంట్ ఇచ్చేసి టీ తాగడానికి లేవడం. పోకర్లో మన రెండు ముక్కలు చూడ్డానికి రెండు సెకన్లు చాలు, మిగతా టైమంతా ఎదుటివాడి మొహం, వాడు ఎంత పెట్టాడు, ఇందాక ఎందుకు ఆగాడు, వీటి చుట్టూనే తిరుగుతుంది. చేతిలో ఏమీ లేకుండా గెలవచ్చు, అదే దాని అందం అంటారు. మా టేబుల్ దగ్గర మాత్రం ఆ అందం పని చెయ్యదు, ఎందుకంటే ఎవడూ పారేయడు. “రెండు డాలర్లేగా బావా, చూద్దాంలే” అని ఐదుగురూ కాల్ చేస్తారు, అంటే అంతే పందెం పెట్టి ఆటలో ఉండిపోతారు, ఇక బ్లఫ్ ఎవరిమీద చెయ్యాలి? రెండు ఆసులు పడటం 221 సార్లకు ఒకసారి. ఒక్కడే ఎదురుంటే ఆ ఆసులు నూటికి 85 సార్లు గెలుస్తాయి, నలుగురు ఎదురుంటే 56 సార్లే. అంటే మా ఇంట్లో ప్రపంచంలోకెల్లా మంచి చెయ్యి కూడా బొమ్మా బొరుసా కంటే కొంచెం నయం, అంతే.

అసలు ఈ ఆట ఎక్కడ నాకు పట్టిందో ఒక చెయ్యి, అంటే ఒక పంపకం, చెప్తే తెలుస్తుంది. నాకు ఆఠీన్ ఏడు, ఎనిమిది. నేల మీద నాలుగు ముక్కలు తెరిచారు: రాజు, జాకీ, మూడు, రెండు, వాటిలో రెండు ఆఠీన్లు. ఇంకొక్క ఆఠీన్ పడితే ఐదు ఆఠీన్లు, అంటే ఫ్లష్, నాదే ఆట. పడకపోతే నా దగ్గర చింతపిక్క కూడా లేదు. పాట్‌లో 6 డాలర్లు ఉన్నాయి. మేమందరం బాబాయ్ అని పిలిచే పెద్దాయన ఒకరున్నారు, ఆయన 3 డాలర్లు తోశారు. నేనూ 3 పెడితే మొత్తం 12 అవుతుంది, అందులో నాది పావు వంతు, కాబట్టి నాలుగుసార్లకు ఒకసారైనా ఆఠీన్ పడితేనే గిట్టుబాటు. మొత్తం ఆఠీన్లు 13, కనబడినవి నాలుగు, మిగిలినవి 9. నేను చూడని ముక్కలు 46. నలభయ్యారులో తొమ్మిది అంటే ఐదింట ఒకటి కూడా నిండుగా లేదు. సరే, పడ్డాక బాబాయ్ దగ్గర ఇంకాస్త లాగుదాం అంటే ఆయన ముందు మిగిలింది ఒకే ఒక్క డాలరు. పారేశాను.

తర్వాతి ముక్క ఆఠీన్ నాలుగు.

బాబాయ్ రాజుల జత చూపించి డబ్బులు లాక్కుంటుంటే, నేను ఏం పారేశానో నోరు జారి చెప్పాను. ఆ తర్వాత పది నిమిషాలు బిర్యానీ తినకుండా నన్నే తిన్నారు. “ఎక్సెల్ షీట్లు వేసుకునేవాళ్లకి ఇలాగే జరుగుతుంది” అని ఒకడు, “నువ్వు ఆఫీసులో కూడా ఇంతేనా” అని ఇంకొకడు. కారులో ఇంటికొస్తూ మళ్లీ మళ్లీ లెక్క వేసుకున్నాను, ప్రతిసారీ పారేయడమే కరెక్టని వచ్చింది. చేసింది కరెక్టే, వచ్చింది నష్టమే. ఆ రెండూ ఒకే చోట పక్కపక్కన కూర్చోవడాన్ని ఇంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా ఎవరూ చూపించలేదు. మా ఆఫీసులో ఎవడో టెస్టింగ్ ఎగ్గొట్టి కోడ్ పైకి నెట్టేస్తే ఏమీ పగలక వాడికి మెచ్చుకోలు వస్తుంది, పద్ధతిగా చేసినవాడి రిలీజు దేనికో పడిపోయి వాడు మీటింగులో తిట్లు తింటాడు. ఇప్పుడు అలాంటి మీటింగుల్లో నాకు ఆఠీన్ నాలుగు గుర్తొస్తుంది. అంతకుమించి పోకర్ వల్ల నిర్ణయాలు తీసుకునే శక్తి పెరుగుతుంది, వ్యాపారం అబ్బుతుంది అని వీడియోల్లో చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. మా టేబుల్లో అందరికంటే బాగా ఆడే ఆయన ఇల్లు కొన్నది సరిగ్గా వడ్డీరేట్లు ఆకాశంలో ఉన్నప్పుడు.

ఒకటి మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు, పోకర్ చాలా బోరు. సరిగ్గా ఆడేవాడు నాలుగు చేతుల్లో మూడు మొదట్లోనే పారేస్తాడు. పారేసి చిప్స్ పేర్చుకుంటూ, పక్కవాడి హెచ్-వన్ కష్టాలు వింటూ కూర్చోవాలి. ఆ వినడం ఇష్టమైతేనే ఈ ఆటకి రండి. నాకిష్టం. పిల్లలు పుట్టాక మగవాళ్లకి ఇక్కడ స్నేహితులు మిగలరు, బర్త్‌డే పార్టీల్లో పేపర్ ప్లేటు పట్టుకుని నిలబడి ఇళ్ల ధరలు మాట్లాడుకోవడమే మిగులుతుంది. ఐదు గంటలు ఒకే టేబుల్ చుట్టూ కూర్చోవడానికి ఏదో ఒక సాకు కావాలి కదా.

ఇక షీటు. 2023 జనవరి నుంచి ప్రతి సిట్టింగు రాసి పెట్టాను. పోయిన డిసెంబరు ఆఖరుకి 61 సిట్టింగులు, దాదాపు 290 గంటలు, మొత్తం మీద 212 డాలర్లు పోయాయి. గంటకు 73 సెంట్లు, సిట్టింగుకి మూడున్నర డాలర్లు. ఇక్కడ పెద్ద హీరో సినిమా ప్రీమియర్ టికెట్ పాతిక డాలర్లు ఉంటుంది, అందులో రెండో సగం భరించడం అదనం. కాబట్టి ఖర్చు పరంగా అడిగితే, ఇంటాట ఒక హాబీగా పక్కాగా గిట్టుబాటు. గెలుస్తానేమో అన్న ఆశతో అడిగితే, మూడేళ్లు ఆడాక కూడా నేను మంచి ఆటగాడినో కాదో నాకు తెలీదు. గంటకు పాతిక చేతుల చొప్పున 7,250 చేతులు ఆడానంతే, అదృష్టాన్నీ నైపుణ్యాన్నీ విడదీయడానికి అవి చాలవు.

ఆ షీట్లోనే రెండో ట్యాబ్ ఉంది, దాని గురించి చెప్పడానికే కాస్త సిగ్గు. 2024లో నాకు కొంచెం తలకెక్కి ఇక్కడ కార్డ్ రూముకి, అంటే పేకాట క్లబ్బుకి, వెళ్లాను. టెక్సాస్‌లో ఇవి తమాషాగా నడుస్తాయి. పాట్‌లోంచి కమిషన్ తీయరు, మెంబర్‌షిప్ అనీ, కూర్చున్నందుకు గంటకింత అనీ తీసుకుంటారు. నేను వెళ్లినచోట గంటకు 13 డాలర్లు. ఆరుసార్లు వెళ్లాను, 27 గంటలు. ఆటలో పోయింది 140, కుర్చీకి పోయింది 351. తొమ్మిది మంది కూర్చుంటే గంటకు 117 డాలర్లు టేబుల్ మీంచి లేచి వెళ్లిపోతున్నాయి, ఆ డబ్బు మాలో ఎవడూ గెలవడం లేదు. ఇంట్లో మూడేళ్లలో పోగొట్టుకున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ అక్కడ ఆరు రాత్రుల్లో అయిపోయింది. పైగా అక్కడ ఎవరూ ఎవరి గురించీ మాట్లాడరు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, తలమీద టోపీలు. సైడ్ ఇన్‌కమ్ అని కలలు కనేవాళ్లకి ఇంకో కబురు, 2026 నుంచి ఇక్కడి ట్యాక్స్ లెక్కల్లో జూదంలో పోయినదాంట్లో 90 శాతమే మినహాయించుకోనిస్తారు. ఏడాదంతా ఆడి సున్నాకి సున్నా తేలినా పన్ను పడచ్చు.

మా ఇంటాటకీ ఒక చెడ్డ రాత్రి ఉంది. ఒకసారి ఎవరో “పావలాలతో బోరు కొడుతోంది” అంటే అందరం ఊఁ కొట్టి పందేలు నాలుగింతలు చేశాం. ఆ రాత్రి ఒకాయన 380 డాలర్లు పోగొట్టుకున్నాడు. నవ్వుతూనే లేచాడు. మర్నాడు సాయంత్రం ఆయన భార్య మా ఆవిడకి ఫోన్ చేసి, మాటల్లో మాటగా, “మీ ఆయన కూడా మొన్న బాగానే గెలిచారటగా” అంది. ఆ ఇంట్లో చెప్పింది వేరే అంకె అని అప్పుడర్థమైంది. ఆయన మళ్లీ రాలేదు, గుడిలో కనబడితే పక్కకి చూస్తాడు. అప్పట్నుంచి మా దగ్గర ఒకటే రూలు, రాత్రికి రెండు బై-ఇన్‌లు, నలభై డాలర్లు, తర్వాత పంచడానికో టీ పెట్టడానికో తప్ప కూర్చోకూడదు. రూలు పెట్టింది కూడా మేం కాదు, ఆడవాళ్లు.

మా ఆవిడ నేను ఏ టైముకి వచ్చినా ఒకటే అడుగుతుంది, “ఎంత పోయింది?” వచ్చిందా అని అడగదు, పోయిందనే అడుగుతుంది. నేను అంకె చెప్తాను, సగం నిద్రలోనే “సరే” అని అటు తిరుగుతుంది. ఏడాదిగా ఆలోచిస్తే మా తమ్ముడికీ నాకూ ఉన్న తేడా చాలావరకు ఈ ప్రశ్న దగ్గరే కనబడింది. వాణ్ని అడిగేవాళ్లు లేరు. మూసిన గదిలో, దుప్పటి కింద, నాలుగు టేబుళ్లు ఒకేసారి తెరిచి ఆడేవాడు. ఫోన్లో ఒక్కో టేబుల్‌కి గంటకు డెబ్భై చేతులకు తక్కువుండవు. నాలుగు కలిపితే 280. నేను మూడేళ్లలో ఆడిన 7,250 చేతులు వాడు 26 గంటల్లో ఆడేస్తాడు, రోజుకు నాలుగు గంటలంటే ఒక్క వారం. ఆట అదే, ముక్కలు అవే 52, కానీ నాకు మూడేళ్లకి అందే దెబ్బ వాడికి వారానికి అందేది. పైగా ఎదురుగా ఎవరున్నారో ఎవడికి తెలుసు? 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం నలుగురు ప్రొఫెషనల్స్‌ని 20 రోజులు, లక్షా ఇరవై వేల చేతులు ఆడి ఓడించింది. మా టేబుల్ మీద మోసం చెయ్యాలంటే బాబాయ్ కళ్లజోడులో ముక్కలు కనబడాలి, అంతకుమించి దారి లేదు.

వాడు మాత్రం 2003 నాటి కథ పట్టుకుని కూర్చున్నాడు. క్రిస్ మనీమేకర్ అని, నిజంగా ఇంటిపేరే అది, టెనెసీలో అకౌంటెంటు, ఆన్‌లైన్లో చిన్న టోర్నమెంటు గెలిచి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌కి వెళ్లి 25 లక్షల డాలర్లు కొట్టాడు. అది జరిగింది నిజమే. అతని వెనక మిగిలిపోయిన 838 మందిలో ఒక్కడి పేరు చెప్పరా అంటే మాత్రం నవ్వాడు.

మన దగ్గర దీన్ని నైపుణ్యమా అదృష్టమా అని కోర్టులో తేల్చుకోవడం ఇవాళ్టిది కాదు. 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆడే ఆట అంది, మూడు ముక్కలాటలా పూర్తిగా అదృష్టం కాదంది. ఆ కేసు పుట్టింది మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులోనే. ఆ తీర్పు పట్టుకునే మా నాన్నలాంటివాళ్లు తణుకులో సాయంత్రాలు నిశ్చింతగా క్లబ్బుకి వెళ్లొచ్చేవారు. చివరకి తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ పందేలు మూసేశాయి, 2025 ఆగస్టులో కేంద్రం నైపుణ్యమైనా అదృష్టమైనా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ ఆపేస్తూ చట్టం తెచ్చింది. వాడి ఫోన్లో యాప్ ఆ వారంలోనే ఆగిపోయింది. నన్నడిగితే నైపుణ్యమా కాదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్నే కాదు. పోకర్లో నైపుణ్యం ఉంది, చాలా ఉంది, వాడికి నాకంటే ఎక్కువే ఉంది. ఆ ఆరు లక్షలు నైపుణ్యం ఉండగానే పోయాయి.

అమ్మకైతే ఈ తేడాలేవీ పట్టవు. నాన్న క్లబ్బు నుంచి రాత్రి పదింటికి వచ్చిన రోజులు ఆవిడకి గుర్తే. “పేరు మారిస్తే పేకాట పేకాట కాకుండా పోతుందా” అంటుంది వీడియో కాల్లో. నేను నా 73 సెంట్ల లెక్క చెప్తే, “ఆ లెక్కలు మీ నాన్న కూడా చెప్పేవారు” అంది.

పోయిన డిసెంబరులో తమ్ముడు ఆఫీసు పనిమీద మూడు వారాలు డాలస్ వచ్చాడు, మా ఇంట్లోనే దిగాడు. మధ్యలో శుక్రవారం. మానేద్దామా అని మా ఆవిడని అడిగితే, వాణ్నే అడగమంది. అడిగాను. “వస్తాను. ఆడను, పంచుతాను” అన్నాడు.

ఐదు గంటలూ పంచాడు. ఎంత అందంగా కలుపుతాడో, మా టేబుల్ మీద అలా ముక్కలు జారడం ఎప్పుడూ చూడలేదు. బాబాయ్ రెండుసార్లు “నా 20 నీకిస్తాను, కూర్చోరా అబ్బాయ్” అన్నారు, వద్దన్నాడు. బిర్యానీ మాత్రం రెండోసారి వడ్డించుకున్నాడు. కారెక్కాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఇంటి వీధి మలుపులో అన్నాడు, “అన్నయ్యా, పదకొండింటప్పుడు, నేల మీద డైమన్ రాణి పడింది చూడు, అక్కడ నువ్వు పారేయకుండా ఉండాల్సింది. ఆయన చేతిలో ఏమీ లేదు.”

“నీకెలా తెలుసు?”

“చిప్స్ లెక్కపెట్టలేదు ఆయన. ఉన్నప్పుడు లెక్కపెడతారు.”

మూడేళ్లుగా బాబాయ్ ఎదురుగా కూర్చుంటున్నాను, నేను అది గమనించలేదు. మేడ మెట్లెక్కుతుంటే లోపల్నుంచి మా ఆవిడ అడిగింది ఎప్పటిలాగే. పదకొండు డాలర్లు అన్నాను. వాడు వెనకాలే మెట్ల మీద ఆగాడు, తన్ని కూడా అడుగుతుందేమో అన్నట్టు.